మా లేతుకి తల తిరిగింది

మా పెళ్ళయ్యేనాటికే మావారికి ఇంకొక సంసారం వుంది. కంగారు పడకండి, ఆవిడ ఇనుముది. పంజాబులో బటాలా అనే వూరినుంచి లారీ ఎక్కి బెజవాడ దిగిన ఆరడుగుల లేతు మిషను. పెళ్ళిచూపులనాడు మా నాన్నగారు "అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" అంటే మా మామగారు "సొంత లేతుంది" అన్నారు. పది ఎకరాల మాగాణి వుంది అన్నంత ధీమాగా అన్నారు. మా అమ్మకి లేతంటే ఏమిటో తెలీదు. లేత కొబ్బరితోట అనుకుందిట పాపం!

పెళ్ళికి మావారు నాకు హెచ్.ఎం.టి. చేతి గడియారం పెట్టారు. ఆ రోజుల్లో ఏ పెళ్ళికూతురి చేతికి చూసినా అదేగా. ఆ మూడక్షరాలకీ అర్థం హిందుస్తాన్ మెషీన్ టూల్స్ అనీ, 1953లో బెంగుళూరులో ఆ కంపెనీ పెట్టినప్పుడు స్విట్జర్లాండువాళ్ళ సాయంతో మొదట చేసింది లేతులేననీ, గడియారాలు 1961లో గాని మొదలుపెట్టలేదనీ మొదటి రాత్రి చెప్పిన మొగుడు నాకు తెలిసినంతలో మావారొక్కరే. ఆ గడియారాల ఫ్యాక్టరీ మూసెయ్యాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. నా గడియారం మాత్రం ఇంకా ఆడుతూనే వుంది.

లేతంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను, విసుక్కోకండి. కుమ్మరి సారెని పక్కకి పడుకోబెట్టినట్టు వూహించుకోండి. కుమ్మరి చేతిలో మట్టి తిరిగినట్టు ఇక్కడ ఇనుప కడ్డీ తిరుగుతుంది. కుమ్మరి వేళ్ళ బదులు ఒక టూలు ఆనుకుని నడుస్తుంది. బీరకాయకి చెక్కు తీసినట్టు ఇనుము చుట్టలు చుట్టలుగా లేచి పడుతుంది. అడుగున పొడుగ్గా వుండేది బెడ్డు. అంటే మంచమే. ఎడంపక్క ఆ మంచానికి తలవైపు వుండే పెద్ద పెట్టె హెడ్‌స్టాక్. మోటారు తిప్పే ఇరుసు అందులోనే వుంటుంది. ఆ ఇరుసు చివర కడ్డీని పట్టుకునే చక్కు. కుడిపక్క తోక, అదే టెయిల్‌స్టాక్. తలకీ తోకకీ మధ్య మంచం పట్టెల మీద టూలు పట్టుకుని అటూ ఇటూ నడిచేది క్యారేజి.

ఇందులో కీలకమల్లా ఒకటే. తలలోని ఇరుసూ, టూలు నడిచే దారీ రైలు పట్టాల్లా ఒకదాని పక్కన ఒకటి నడవాలి. ఇరుసు ఒక వెంట్రుకవాసి అటు చూసిందా, కడ్డీ ఒక చివర లావు, ఒక చివర సన్నం అవుతుంది. దాన్ని టేపరు అంటారు. అప్పడాల కర్రకి అలా వుంటే అందం. బేరింగు ఎక్కాల్సిన షాఫ్టుకి అలా వుంటే ప్రాణాంతకం. బేరింగు ఒక అంచున బిగుసుకుంటుంది, రెండో అంచున వదులుగా ఆడుతుంది. నాలుగు రోజుల్లో వేడెక్కి, కాలి, మిల్లు ఆగిపోతుంది. మిల్లువాడు ఆ షాఫ్టు పట్టుకొచ్చి మీ ఇంటిముందు నిలబడతాడు.

మా ఇంటిముందు అలా నిలబడ్డవాడు పెద్దమనిషి. కేకలెయ్యలేదు. "బాబాయ్‌గారూ, మీ చేతి పని ముప్ఫై ఏళ్ళబట్టి చూస్తున్నాను. ఇది మీ చేతి పనిలా లేదు" అని షాఫ్టు అరుగుమీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ పూట మావారు అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే వుంచారు.

దానికి ముందు జరిగింది చెప్పాలి. మా షెడ్డు సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధుల్లోకి వచ్చింది. మేడమీద మేమూ, కింద షెడ్డులో అదీ. రోజుల తరబడి నీళ్ళు తియ్యలేదు. పైనించి చూస్తే మిషను కనిపించేది కాదు, బురదనీళ్ళు కనిపించేవి. మావారు మాత్రం పిట్టగోడ దగ్గర కుర్చీ వేసుకుని అటే చూస్తూ కూర్చునేవారు. నీళ్ళు తీశాక హెడ్‌స్టాక్ అడుగు బోల్టు విప్పితే నూనె పాలకాఫీ రంగులో కారింది. నీళ్ళు కలిసిపోయాయన్నమాట. బేరింగులు మార్చక తప్పలేదు. గొలుసు కప్పీ కట్టి ఆ తలకాయని పైకి లేపారు. కింద చేరిన బురద గోకి, తుడిచి, కొత్త బేరింగులు వేసి మళ్ళీ కూర్చోబెట్టి నాలుగు బోల్టులూ బిగించారు. ఆ తరవాత చేసిన మొదటి పని ఆ మిల్లు షాఫ్టే.

ఇక చూడండి, సలహాలు. "హెడ్డు అవుటైంది బాబాయ్‌గారూ" అన్నాడు పాత మిషన్లు కొనే వ్యాపారి ఒకాయన. వరదల తరవాత ఇలాంటివాళ్ళు ప్రతి షెడ్డూ తిరిగారు. "తల ఒకసారి తీశాక మళ్ళీ కుదరదు. నాలుగు రోజులాగితే ఈ రేటు కూడా రాదు. తూకానికి తీసుకుంటాను" అన్నాడు. తూకానికి! పాత పేపర్లు వేసినట్టు! హైదరాబాదునుంచి మా అబ్బాయి ఫోను. "ఇచ్చెయ్యమ్మా. నాన్నకి అరవయ్యారు వచ్చాయి. షుగరు, పైగా కళ్ళు కనబడటం లేదు. ఎవరికోసం?" వాడు చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. మావారికి ఎదురుగా వున్న మనిషి కనిపిస్తాడు, రోడ్డు కనిపిస్తుంది. మైక్రోమీటరు మీద సన్నగీతలు మాత్రం అలుక్కుపోతాయి. టర్నరుకి ఆ గీతలు కనబడకపోతే సంగీత విద్వాంసుడికి చెవులు పోయినట్టే.

నేను ఆయనకి అమ్మమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. కాని మా వీధిలో పని మానేసిన మొగవాళ్ళని చూస్తూనే వున్నాను. పొద్దున్నే పేపరు మడతపెట్టి, తొమ్మిదింటికి టిఫినెందుకు ఆలస్యమైందని పెళ్ళాం మీద ఎగిరి, పదింటికి గేటు పట్టుకుని నిలబడేవాళ్ళని. ఆ గేటు దగ్గర ఈయన్ని వూహించుకుంటే నాకు మనసొప్పలేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగి, "ఏమోయ్, నువ్వొకసారి షెడ్డులోకి రా. కళ్ళజోడు తెచ్చుకో" అన్నారు. నలభై ఏళ్ళ కాపరంలో షెడ్డులోకి కాఫీ పట్టుకెళ్ళడమేగాని పనికని నన్ను పిలవడం అదే మొదలు.

ఆయన కొలత సామానంతా మేడమీద మా బీరువాలో, నా పట్టుచీరల అరలో వుంటుంది. చెమ్మ తగలకూడదుట. దానివల్లే వరదకి బతికింది. పాత చీర ముక్కలో చుట్టిన మైక్రోమీటరు, డయల్ గేజి, స్పిరిట్ లెవెల్ తీసుకుని దిగాను. మైక్రోమీటరు చూడడం అరగంటలో నేర్పారు. చుట్టూ తిరిగే బొట్టెమీద 50 గీతలుంటాయి. ఒక్కో గీతా మిల్లీమీటరులో వందో వంతు. మన తలవెంట్రుక మందంలో అది చాలా చిన్న భాగం. ముగ్గులో చుక్క తప్పితే పట్టుకునేదాన్ని, జాకెట్టు కుట్టులో నూలుపోగు వంకర కనిపెట్టేదాన్ని, నాకిది కష్టం కాలేదు.

పరీక్ష చాలా తేలిక. లావుపాటి కడ్డీని చక్కులో బిగించారు. రెండో చివర తోకతో పట్టించలేదు, గాలికి వదిలేశారు. తోకతో పట్టిస్తే దాని వంకర కూడా కలుస్తుంది, ఎవరి తప్పో తేలదు. కడ్డీ మధ్యలో లోతుగా చెక్కేసి, చక్కు దగ్గర ఒక పట్టీ, చివర ఒక పట్టీ మిగిల్చారు. రెంటికీ మధ్య 200 మిల్లీమీటర్లు. టూలుని లోపలికీ బయటికీ కదపకుండా, ఒకే అమరికలో రెండు పట్టీలనీ పలచగా గీరారు. ఇప్పుడు రెండూ కొలిస్తే ఒకటే రావాలి.

"చక్కు దగ్గర 38.00. చివర 38.06" అన్నాను.

ఆరు గీతలు. చివర లావుగా వుంది. అంటే అక్కడికి వచ్చేసరికి టూలుకీ ఇరుసుకీ దూరం పెరిగింది. లావులో తేడా ఆరయితే దూరంలో తేడా అందులో సగం. షెడ్డు కుర్రాడు అప్పటికే పెద్ద స్పానరు పట్టుకుని తల బోల్టుల దగ్గర తయారుగా వున్నాడు. "మేస్త్రిగారూ, వదులు చెయ్యమంటారా?"

"ముట్టుకోకు" అన్నారు మావారు. "లెవెల్ ఇలా ఇవ్వు."

ఆ లెవెల్ మనం గోడలకి పెట్టే రకం కాదు. మీటరు పొడుగుకి 0.02 మిల్లీమీటరు వాలినా బుడగ ఒక గీత జరుగుతుంది. దాన్ని తలవైపు బెడ్డు మీద అడ్డంగా పెట్టించారు. బుడగ కాసేపు తచ్చాడి మధ్యకొచ్చి నిలబడింది. తోకవైపు అదే అడ్డం పెట్టించారు. బుడగ పరుగెత్తుకెళ్ళి ఆ చివర గోడకి అతుక్కుపోయింది, ఇక రాలేదు.

"ఏమంటుంది?" అన్నారు.

"వెనక్కి పారిపోయిందండీ."

"అంటే ముందు కాలు కుంగింది" అన్నారు. మొహంలో వారం రోజులనుంచి లేని కళ వచ్చింది.

ఇది మగవాళ్ళకన్నా మనకే బాగా తెలుస్తుంది. నవారు మంచం నాలుగు కోళ్ళలో ఒకదాని కింద నేల కుంగిందనుకోండి. మంచం విరగదు. మెలిక తిరుగుతుంది. తలవైపు సరిగ్గానే వుంటుంది, కాళ్ళవైపు ఒక పక్కకి వొరుగుతుంది. పిల్లాడు తెల్లారేసరికి ఆ పక్కకి దొర్లి వుంటాడు. ఇనుపమంచమూ అంతే. పోత ఇనుము గదా, రాయిలా వుంటుందనుకుంటాం. కాని దాని బరువుకి అదే మెలిక తిరుగుతుంది. వరదనీళ్ళు నిలిచి గుమ్మంవైపు మట్టి మెత్తబడి, తోకవైపు ముందు కాలు కింద గచ్చు కుంగింది. ఎంతో కాదు, కంటికి ఆనదు. క్యారేజి అటు వెళ్ళేకొద్దీ టూలుతో సహా ముందుకి వొరుగుతోంది, ఇరుసుకి దూరమవుతోంది. తప్పు కాళ్ళది, మాట పడ్డది తల.

ఆ స్పానరు కుర్రాడు తల వదులుచేసి, మెలిక తిరిగిన మంచానికి తగ్గట్టు తలని తిప్పి వుంటే ఏమయ్యేదని అడిగాను. "ఆ ఒక్క చోట కొలత కుదిరేది. పొడుగు షాఫ్టు పెడితే మళ్ళీ తప్పేది. అప్పుడు ఇంకోటి తిప్పేవాళ్ళం. అలా అన్నీ తిప్పుకుంటూ పోయి, చివరికి తూకానికి ఇచ్చేవాళ్ళం" అన్నారు.

కాలు కింద గచ్చు పగలగొట్టించి, కంకర వేసి కొత్త కాంక్రీటు పోయించారు. ఇక్కడ నా ఓపిక అయిపోయిందంటే నమ్మండి. ఇరవై ఒక్క రోజులు దాన్ని తడుపుతూ కూర్చోవాలన్నారు. తులసికోటకి నీళ్ళు పోసినట్టు రోజూ పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్ళు పోశాను. ఈలోగా వ్యాపారి నాలుగుసార్లు ఫోను చేశాడు, ప్రతిసారీ ధర కొంచెం తగ్గిస్తూ. అబ్బాయి రెండుసార్లు చేశాడు. మిల్లాయన తన పని ఆటోనగర్‌లో ఇంకొకరికి ఇచ్చాడని కుర్రాడు కబురు మోసుకొచ్చాడు. మావారు ఏదీ విననట్టు బోల్టులకి మరలు శుభ్రం చేసుకున్నారు.

గచ్చు గట్టిపడ్డాక కాళ్ళ కింద బోల్టులు పావు చుట్టు, అరచుట్టు తిప్పుతూ, నేను బుడగ చూసి చెబుతూ, ఆయన తిప్పుతూ, ఒక పూటంతా పట్టింది. తలవైపు ఎక్కడ నిలబడిందో తోకవైపూ బుడగ అక్కడే నిలబడేదాకా వదల్లేదు. మళ్ళీ పట్టీలు గీరి కొలిచాను. ఆరు గీతల తేడా రెండుకి దిగింది.

"ఇప్పుడు తల సంగతి చూద్దాం" అన్నారు.

మిగిలిన ఆ రెండూ తలవే. బురద తుడిచి మళ్ళీ పెట్టినప్పుడు మునుపటి చోట అచ్చంగా కూర్చోలేదు. నాలుగు బోల్టులూ కొద్దిగా వదులు చేశారు. వూడదీసినంత కాదు, పచ్చడి జాడీ మూత కదిలించినంత. క్యారేజి మీద డయల్ గేజి నిలబెట్టి దాని ముల్లుని కడ్డీ చివర ఆనించారు. అందులోనూ ఒక గీతంటే వందో వంతే. నన్ను ముల్లు మీదనుంచి కన్ను తియ్యొద్దన్నారు. రాగి సుత్తితో తలని పక్కనుంచి మెల్లిగా తట్టారు. నిద్రపోతున్న పిల్లాడి వీపు తట్టినట్టు తట్టారు. ముల్లు కదిలింది. "ఒకటి... ఒకటిన్నర... ఆపండి!" అని అరిచాను.

ఆగారు. బోల్టులు బిగించారు. ముల్లు నా కళ్ళముందే మళ్ళీ మొదటికి వచ్చింది! బిగిస్తుంటే తల తన ఇష్టం వచ్చినట్టు జరుగుతుందిట. మళ్ళీ వదులు, మళ్ళీ తట్టడం. ఈసారి ఎదురెదురు మూలల బోల్టులు ఒకటి తరవాత ఒకటి, కొంచెం కొంచెంగా బిగించారు. అయినా గీత తప్పింది. మూడోసారికి, బిగిస్తే ఎంత వెనక్కి జరుగుతుందో ముందే లెక్కగట్టి అంత ఎక్కువ తట్టారు. బిగించారు. నిలబడింది.

కొలిచాను. "చక్కు దగ్గరకన్నా చివర ఒక్క గీత సన్నం. ఇంకోసారి తట్టండి, సున్నా చేసేద్దాం" అన్నాను. నాకు అప్పటికి పంతం పట్టుకుంది.

"వద్దు. అది అలాగే వుండాలి" అన్నారు.

నాకు వొళ్ళు మండింది. ఇన్ని రోజులు చెంబుతో నీళ్ళు మోసింది ఒక గీత తప్పుంచుకోడానికా? ఆయన నవ్వి చెప్పారు. ఇరుసు చివర టూలు వైపుకి ఒక వీసమంత మొగ్గి వుండొచ్చు. అవతలి పక్కకి మాత్రం ఎంత కొంచెమైనా మొగ్గకూడదు. అలాగే పైకి ఒక వీసం లేచి వుండొచ్చు, కిందికి వుండకూడదు. ఎందుకంటే పనిలో దిగాక టూలు ఒత్తిడి దాన్ని వెనక్కి నెడుతుంది, జాబు బరువు కిందికి లాగుతుంది. బట్టలారేసే దండెం మనం ఎలా కడతాం? ఖాళీగా వున్నప్పుడు కాస్త ఎత్తుగా, బిగువుగా కడతాం, తడి దుప్పట్లు వేశాక నేలకి తగలకూడదని. అదీ సంగతి.

ఈ లెక్క రాసిపెట్టినాయన జర్మనీవాడు, జార్జి ష్లెసింగర్ అని బెర్లినులో ప్రొఫెసరు. యంత్రాలకి ఎంత తప్పు వుండొచ్చో, ఏ పక్కకి వుండొచ్చో 1927లో పుస్తకం వేశాడు. 300 మిల్లీమీటర్ల పొడుగుకి 0.02 దాకా ఇరుసు టూలు వైపుకి మొగ్గొచ్చు అన్నది ఆయన పెట్టిన హద్దే. మావారు ఐ.టి.ఐ.లో బట్టీ పట్టిన అంకె ఇప్పటికీ మరచిపోలేదు. ఆయన సంగతి ఇంకా వుంటే చెప్పమని మా కోడల్ని అడిగాను. మొదటి ప్రపంచయుద్ధంలో చేతులూ కాళ్ళూ పోయిన సైనికులకి పనిచేసుకునే కృత్రిమ అవయవాలు చెయ్యడంలో కూడా ఆయన పాటుపడ్డాడుట. యూదుడని 1933లో నాజీలు జైల్లో పెట్టారుట. ఆ తరవాత దేశం వదిలి, చివరికి ఇంగ్లండు చేరి మళ్ళీ యంత్రాల పనే చేశాడుట. 1949లో పోయాడు. సింగ్ నగర్ షెడ్డులో ఒక ముసలి టర్నరు ఆయన అంకెని పట్టుకుని పెళ్ళాంతో వాదిస్తాడని కలలోనైనా అనుకున్నాడో లేదో!

మిల్లు షాఫ్టు మళ్ళీ కొత్తగా చేశారు, డబ్బులు తీసుకోకుండా. మిల్లాయన వచ్చి బేరింగు ఎక్కించి చూశాడు. తిప్పి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇదీ మీ పని" అన్నాడు. మావారు నా వైపు చూపించి, "కొలత ఆవిడది" అన్నారు. ఆ పెద్దమనిషి ఏమనాలో తెలియక నాకు నమస్కారం పెట్టాడు. ఆటోనగర్‌కి పోయిన పనిలో సగం తిరిగొచ్చింది. మిగతా సగం రాలేదు, వస్తుందని నేననుకోను. వ్యాపారి ఫోను చేస్తే కుర్రాడే ఏదో చెప్పి పెట్టేస్తున్నాడు. అబ్బాయి మాత్రం ఇప్పటికీ "అమ్మా, నీకెందుకు ఆ గ్రీజు పని" అంటాడు. వంటింట్లో నూనె జిడ్డు గురించి వాడెప్పుడూ అడగలేదు!

నేల ఇంకా పూర్తిగా సర్దుకోలేదనీ, ఏడాది పాటు నెలకోసారి లెవెల్ పెట్టి చూస్తూ వుండాలనీ మావారు అన్నారు. ఆ పని నాకు అప్పజెప్పారు. కేలండరు మీద పాలచీటీ లెక్క పక్కనే బుడగ లెక్క కూడా రాసుకుంటున్నాను. పోయిన నెల తలవైపు మధ్యలో, తోకవైపు మధ్యలో. ఈ నెల తోకవైపు ఒక గీత వెనక్కి జరిగింది. కుర్రాణ్ణి కేకేసి స్పానరు తెమ్మన్నాను. వాడు అలవాటుగా తల బోల్టుల దగ్గరికే వెళ్ళబోయాడు.

"అక్కడ కాదురా" అన్నాను. "కాళ్ళ దగ్గరికి రా."